శిలాముఖి అడిగిన సుంకం

కంకాళగిరికీ లోకానికీ నడుమ ఉన్నది ఒకే ఒక్క వంతెన. అది మనుషులు కట్టినది కాదు. అగాధానికి ఈవల పుట్టిన అడవితీగలు ఆవలి ఒడ్డుకు పాకి, అక్కడి బండలను కరిచి పట్టుకుని, తరతరాలుగా ఒకదానినొకటి పెనవేసుకుని దారిగా మారాయి. కింద ఎంత లోతుందో చూసి వచ్చి చెప్పినవాడు లేడు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ లోయలోంచి పచ్చని ఆవిరి లేస్తూ, గంధకం కంపు కొడుతూ ఉంటుంది. కొండ మాత్రం కంటికి ఎంతో సొంపైనది. దాని నల్లరాతిలో అభ్రకపు రేకులు పొదిగి ఉండటంచేత, ఎండ పడితే పట్టపగలే చుక్కలు పొడిచిన ఆకాశంలా తళతళలాడుతుంది. ఆ తళుకు చూసి ముచ్చటపడి దగ్గరికి వెళ్ళినవాళ్ళ ఎముకలు దాని పాదాల దగ్గర గుట్టలుగా పడి ఉన్నాయి.

ఆ పూట వంతెన మీద ముగ్గురు నడుస్తున్నారు. ముందు సింగన, వెనక హేమలేఖ, ఆ వెనక విల్లు ఎక్కుపెట్టుకుని ముసలి బంటు బొల్లన.

మకరపురి యువరాజు చంద్రకేతుడు రాజమందిరంలో శవంలా పడి ఉన్నాడు. వైద్యుడి వేషంలో వచ్చిన కంకాళనాథుడనే మాంత్రికుడు అతని ప్రాణాన్ని ఒక దీపంలోకి లాగి, ఈ కొండ గుహలోకి ఎత్తుకుపోయాడు. దీపంలో చమురు ఉన్నంతవరకే యువరాజుకు ఊపిరి; ఆలోగా దీపం అతని పక్కకు చేరితే ప్రాణం తిరిగి ఒంట్లోకి వస్తుంది. రాజు వృద్ధుడు, వేరే వారసుడు లేడు, శత్రువులు పొలిమేరల్లో కాచుకుని కూర్చున్నారు. దీపం తెస్తానని సేనాపతి కూతురు హేమలేఖ సభలో కత్తి దూసి నిలబడింది. కాబోయే రాణి తన మగని కోసం పోతున్నదని ఊరంతా చెప్పుకున్నది. సింగన కూడా అదే నమ్మాడు.

సింగన దారి చూపించడానికి వచ్చినవాడు. అతడు పాలు మరవని పసివాడుగా ఉన్నప్పుడు, అతని తండ్రి, కోట కావలివాడు మాచన, శత్రువులకు తలుపు తీశాడు. ఆ రాత్రి ఊరు సగం తగలబడింది. తెల్లవారి మాచన తల తెగింది. పసివాడి ముంజేతి మీద తాళంచెవి ముద్ర కాల్చి వదిలిపెట్టారు. ఆ ముద్ర చూసి ఊళ్ళో ఎవరూ అతణ్ణి గడప తొక్కనీయలేదు. పిల్లలు మట్టిబెడ్డలు విసిరేవారు. సింగన కొండల్లోకి పోయి తేనె దింపుకుని బతికాడు. తనను ఎవరైనా తిడితే అతనికి కోపం రాదు. మంచిగా మాట్లాడితేనే భయం వేస్తుంది, దీని వెనక ఏముందోనని.

దారి పొడుగునా అతనికి అలాంటి భయాలే. అతడు వండినది హేమలేఖ అందరికన్నా ముందు రుచి చూసేది. ద్రోహి కొడుకు విషం కలిపాడేమోనని చూస్తున్నది కాబోలు అనుకున్నాడు. విడిదిలో ఆమె తన పక్క అతని దగ్గరగా పరుచుకునేది. పారిపోతాడని కాపలా కాస్తున్నది కాబోలు అనుకున్నాడు. ఆమె తనను రెప్పవేయకుండా చూస్తుంటే ముంజేతి మీద ముద్రను పైపంచెలో దాచుకునేవాడు.

వంతెన మధ్యకు వచ్చేసరికి ఆవిరి చీల్చుకుని ఒక రాబందు పైకి లేచింది. దాని రెక్కల నీడ వంతెనంత పొడుగు. గోళ్ళు కొడవళ్ళలా ఉన్నాయి. అది వచ్చీ రావడంతోనే సింగన వీపు మీద తన్నింది. అతని కాలి కింద తీగలు పుటుక్కున తెగాయి. అతడు జారాడు.

అతని మణికట్టును ఒక చెయ్యి పట్టుకున్నది. హేమలేఖ వంతెన మీద బోర్లా పడి, ఒక చేత్తో తీగను, ఇంకో చేత్తో అతణ్ణి పట్టుకుని ఉంది. రాబందు రెండోసారి వచ్చి ఆమె భుజం మీద పొడిచింది. ఎముక కీలు తప్పిన చప్పుడు సింగనకు కిందికి వినిపించింది.

"వదిలెయ్యండి దొరసానీ," అన్నాడు.

ఆమె పళ్ళు బిగించింది గాని వదలలేదు. బొల్లన బాణం రాబందు గొంతులో దిగబడింది. అది గింగిరాలు తిరుగుతూ ఆవిరిలోకి కూలిపోయింది. ముసలివాడు పాకుతూ వచ్చి ఇద్దరినీ పైకి లాగాడు.

ఆవలి ఒడ్డు చేరాక బొల్లన ఆమె భుజం కీలు సరిచేసి కట్టు కట్టాడు. నొప్పికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది.

"ఎందుకు వదల్లేదు?" అన్నాడు సింగన.

"వదిలితే పడేవాడివి."

"పడితే పడేవాణ్ణి. మీ కత్తి చెయ్యి పాడైంది. మీకు ఏమన్నా అయితే యువరాజుగారికి నేనేం జవాబు చెప్పను?"

"యువరాజు మా అమ్మ పాలు తాగి పెరిగాడు. వాడు నాకు తమ్ముడు. ఊళ్ళో వాళ్ళ మాటలు నువ్వూ నమ్మావా?"

సింగన తల వంచుకున్నాడు. పెద్దింటి మాటలు తన లాంటివాడికి ఎందుకు? కాసేపటికి సమాధానం తనే వెతుక్కున్నాడు. "నేను పోతే దారి చూపేవాడు లేడు. అందుకే పట్టుకున్నారు."

హేమలేఖ ఏదో అనబోయి నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. లేచి ముందుకు నడిచింది.

బొల్లన సింగన పక్కకు వచ్చాడు. "ఒరే, తేనెపట్టు కోసెడు దూరాన ఉన్నా వాసన పట్టేస్తావంట. ముక్కు కింద ఉన్నది మాత్రం ఆనదేంరా నీకు?"

ముసలివాడు ఎగతాళి చేస్తున్నాడనుకుని సింగన అడుగు వేగం పెంచాడు.

వంతెనకు కొద్ది దూరంలోనే ఒక విశాలమైన బండ. దాని చివర, కొండ గోడలో, తాటిచెట్టంత ఎత్తున ఒక ఆడమనిషి ముఖం. ఎవరు చెక్కారో గాని బహు అందంగా చెక్కారు. చెవులకు రాతి కమ్మలు, నుదుట రాతి పాపిటబిళ్ళ, మూసిన రెప్పల మీద ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా ఉంది. తెరిచిన నోరే గుహ ద్వారం. బండ అంతటా రాతి మనుషులు. ఒక తల్లి చేతులు చాపి ఉంది. ఒక పెళ్ళికూతురు ముసుగు తీయబోతూ ఆగిపోయింది. ఒక తాత కర్ర మీద వంగి ఉన్నాడు.

ముగ్గురూ దగ్గరకు రాగానే ఆ ముఖం కళ్ళు తెరిచింది. తిరగలి తిరిగినట్టు ఒక గొంతు వినిపించింది.

"నన్ను శిలాముఖి అంటారు. నా నోట్లోంచి లోపలికి పోయేవాడు సుంకం కట్టాలి. నాకు బంగారం వద్దు, నెత్తురు వద్దు. పోయేవాడంటే అందరికన్నా ఎవరికి ఎక్కువ ప్రాణమో, ఆ మనిషి నాది. ఎంత దూరాన ఉన్నా లాగి తెచ్చి ఈ బండ మీద రాయిగా నిలబెట్టుకుంటాను. ఎవరికీ అక్కరలేనివాడు ఊరికే పోవచ్చు. ఇన్నాళ్ళలో అలా పోయినవాడు కంకాళనాథుడు ఒక్కడే."

బొల్లన విల్లు దించేశాడు. "నా ముసల్ది ఇంటికాడ దారి చూస్తా ఉంటాది," అన్నాడు మెల్లగా.

హేమలేఖ ముఖం పాలిపోయింది. కూతుర్ని సాగనంపుతూ గుమ్మం దగ్గర కూలబడిన తల్లి ఆమెకు గుర్తుకు వచ్చి ఉంటుంది.

సింగనకు మాత్రం గుండె తేలికపడింది. తన బతుకులో మొదటిసారి తన లేమి ఒకరికి పనికి వస్తున్నది. "దీనికి ఇంత ఆలోచన ఎందుకు? నేను పోతాను," అన్నాడు. "తల్లి నన్ను కనగానే పోయింది. తండ్రి సంగతి మీకు తెలిసిందే. నేను చచ్చానంటే ఒక్క పొయ్యి ఆరదు. ఈ తలుపు నా కోసమే పెట్టినట్టుంది."

"నువ్వు వెళ్ళకు," అన్నది హేమలేఖ.

"ఏం?"

"నీకు ఎవరూ లేరని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా దొరసానీ? అందరికీ తెలుసు."

ఆమె అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. "నేనున్నాను," అన్నది.

సింగన ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. చావుకు పోయే బంటుకు ధైర్యం చెప్పడం దొరల ధర్మం. ఈమె గొప్ప మనసు గలది గనక కన్నీళ్ళు కూడా పెట్టుకుంటున్నది. అలా అర్థం చేసుకుని అతడు నవ్వి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "ఆ మాట అన్నారు, చాలు. మీ మంచితనం మరిచిపోను."

బొల్లన గబగబా ముందుకు వచ్చాడు. "ఓరి మొద్దూ, ఆ బిడ్డ చెప్పేది..."

"తాతా," అన్నది హేమలేఖ. ఆ ఒక్క మాటకే ముసలివాడు ఆగిపోయాడు. ఆమె కాసేపు అగాధం వైపు చూసింది, తరవాత తమ రాజ్యం ఉన్న దిక్కు చూసింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు స్థిమితంగా ఉంది. "ఎవరో ఒకరు పోక తప్పదు. తాత పోతే అవ్వ రాయి అవుతుంది. నేను పోతే మా అమ్మ. సరే సింగనా, నువ్వే వెళ్ళు." ఆమె తన శాలువ తీసి, ఒక చేత్తోనే, అతని ముంజేతి చుట్టూ ముద్ర కనబడకుండా కట్టింది. "దీపంతో తప్ప తిరిగి రాకు."

లోపల చలి ఎక్కువ గనక కట్టిందనుకున్నాడు సింగన. కాగడా అంటించుకుని రాతి పెదవి దాటాడు.

వెనక శిలాముఖి గొంతు వినిపించింది. "సుంకం ముట్టింది."

సింగన నిలబడిపోయాడు. ముట్టడమేమిటి? ఎవరు కట్టారు? అతనికి చిన్నప్పుడు దొంగచాటుగా గంజి పోసిన అవ్వ ఒకతె ఉండేది. ఆమె పోయి చాలా కాలమైంది. కొండ మీద వెంట తిరిగిన కుక్కను చిరుత ఎత్తుకుపోయింది. ఇంకెవరున్నారు? కొండజాతి వాళ్ళు తేనె కొంటారు, ఒక్క మాటైనా మాట్లాడకుండా పోతారు. లోకమంతా వెతికాడు. గడప బయట నిలబడిన మనిషి మాత్రం అతని తలపుకు రాలేదు. "ఈ రాయి నన్ను వెనక్కి తిప్పడానికి అబద్ధమాడుతున్నది," అని తేల్చుకుని లోపలికి నడిచాడు.

గుహ పోను పోను విశాలమైంది. పైకప్పు నుంచి స్ఫటికాలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. వాటి కింద, మెట్లు మెట్లుగా, లెక్కలేనన్ని దీపాలు వెలుగుతున్నాయి. ఒక్కొక్క మంటా ఒక్కొక్క మనిషి ప్రాణం. కొన్ని ఎగుస్తున్నాయి, కొన్ని కొడిగట్టి ఉన్నాయి. దగ్గరగా పోతే ఏడుపులు వినిపిస్తున్నాయి. అన్నిటికన్నా పై మెట్టు మీద మకరం గుర్తు ఉన్న బంగారు ప్రమిద ఉంది. దాని చమురు అడుగంటింది.

ఆ మెట్టును చుట్టుకుని తెల్లని కొండచిలువ పడుకుని ఉంది. దానికి కళ్ళు లేవు. వెచ్చదనాన్ని బట్టి మనిషిని కనిపెడుతుంది. సింగన అడుగు పెట్టగానే తల ఎత్తింది.

కాగడాతో దేన్నైనా అంటించి విసిరితే అది అటు పోతుంది. అతని చెయ్యి ముందు శాలువ మీదికి పోయింది. కాని దాన్ని విప్పబుద్ధి కాలేదు. తిరిగి ఇచ్చెయ్యాలి గదా అనుకుని, తన పైపంచె ఊడదీసి అంటించి దూరంగా విసిరాడు. కొండచిలువ మంట మీదికి ఉరికింది. సింగన మెట్లెక్కి ప్రమిద అందుకున్నాడు. దిగేలోపల పాము తోక అతని తొడను చుట్టి నలిపింది. కత్తితో పొడిచాడు, మళ్ళీ పొడిచాడు. పట్టు వదిలిన క్షణంలో దీపాన్ని గుండెకు అదుముకుని కుంటుతూ పరిగెత్తాడు. గుహ అంతా పాము కొట్టుకుంటున్న చప్పుడు అతని వెంట తరిమింది.

బయట పొద్దు వాలుతున్నది. బండ మీద బొల్లన మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. హేమలేఖ ద్వారం వైపే చూస్తూ నిలబడి ఉంది. నడుము దాకా ఆమె బూడిదరంగు రాయి.

"ఏమైంది దొరసానీ? ఎవరు చేశారిది?"

"సుంకంరా," అన్నాడు బొల్లన. "నువ్వు కట్టిన సుంకం."

సింగనకు ఆ మాట చెవిలో పడింది గాని లోపలికి దిగలేదు. దిగాక, ప్రమిద ఒలకకుండా పట్టుకుని ఆమె ముందు మోకరిల్లాడు. "ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను. నేనున్నానన్నాను. నువ్వు నవ్వి దణ్ణం పెట్టావు."

"నాలో ఏముందని? ద్రోహి కొడుకును."

"వరద వచ్చిన ఏడు గుర్తుందా? నీ మీద బెడ్డలు వేసినవాళ్ళ పిల్లలను నువ్వే నెత్తిన పెట్టుకుని ఏరు దాటించావు. తెల్లవారాక ఒక్కరూ నీకు మంచినీళ్ళయినా ఇవ్వలేదు. నువ్వు అడగనూ లేదు. నేను ఒడ్డున నిలబడి చూశాను. నీ ముంజేతి మీద ఉన్నది ఒక్కటే నీకు కనబడుతుంది సింగనా. మిగతా నిన్ను నేను చూశాను." రాయి రొమ్ము దాకా పాకింది. ఆమె ఊపిరి తీసుకోవడం కష్టమవుతున్నది.

అప్పుడు చప్పట్లు వినిపించాయి. కొండ చరియ మీది నుంచి కంకాళనాథుడు దిగి వస్తున్నాడు. ఇంకా వైద్యుడి తెల్లని ఉత్తరీయమే వేసుకున్నాడు. మెడలో వేలి ఎముకల హారం. వెంట ఎముకల కుక్కలు. వాటికి తోలు లేదు, కండ లేదు, కంటి గుంతల్లో నిప్పు మాత్రం ఉంది.

"ఈ వాకిట ఊరికే పోగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే," అన్నాడతడు. "నాకు జోడు దొరికాడనుకుని సంబరపడ్డాను. పాపం, నువ్వు అంత అదృష్టవంతుడివి కావు."

సింగన కత్తి తీశాడు.

"దాన్ని లోపల పెట్టు. మాటలతో పోయేదానికి కత్తులెందుకు? నా చేయి దాటిన దీపాన్ని నేను బలవంతాన లాక్కుంటే అది నన్ను కాల్చేస్తుంది. నువ్వు ఇష్టపడి ఇస్తే కాలదు. ఈ శిలాముఖిని ఇక్కడ కట్టి పడేసినది ఈ చెయ్యి. అది రాయిని చేసినవాళ్ళను విడిపించగలిగేదీ ఈ చెయ్యే. దీపం ఇవ్వు. నీ పిల్లను తీసుకుపో. మీ నాన్న కోట తలుపే తీశాడు. నీకు ఈ చిన్న పని చేతకాదా?"

సింగన దీపం వైపు చూశాడు. చిన్న మంట, వేలెడు కూడా లేదు. ఇంతదాకా తన మీద ఉమ్మిన ఊరు. తనను చూసిన ఒకే ఒక్క మనిషి. అతని చెయ్యి నెమ్మదిగా మాంత్రికుడి వైపు సాగింది.

"ఇవ్వకు," అన్నది హేమలేఖ. రాయి గొంతు కిందికి వచ్చింది. మాట బొంగురుగా, ముక్కలు ముక్కలుగా వస్తున్నది. "నీకు విలువ లేదని ఇన్నాళ్ళూ అన్నావు. ఊరుకున్నాను. నేను తెలిసే ఒప్పుకున్నాను. నేను కట్టినదానికి విలువ లేకుండా చెయ్యకు. ఒక్కసారి నా మాట నమ్ము."

"హేమా," అన్నాడు సింగన.

ఆ పిలుపు ఆమె విన్నది. పెదవులు కదలబోయాయి. రాయి వాటిని కప్పేసింది, చెంపలను, కళ్ళను కప్పేసింది. ఇక అక్కడ ఉన్నది నల్లని బండ మీద ఒక రాతి ఆడమనిషి, కట్టు కట్టిన భుజంతో, అతని వైపే చూస్తూ.

సింగన లేచాడు. ముఖంలో ఏమీ లేదు. దీపాన్ని బొల్లన చేతుల్లో పెట్టాడు.

"తాతా, వంతెన దాటు. ఎక్కడా ఆగకు."

"నువ్వో?"

"నీ వెనకే వస్తున్నాను."

ముసలివాడు దీపాన్ని అరచేత్తో కాచుకుంటూ పరిగెత్తాడు. కంకాళనాథుడి ముఖం నల్లబడింది. వేలు ఆడించాడు. ఎముకల కుక్కలు బండ మీద గోళ్ళు గీరుతూ వంతెన వైపు దూకాయి. కుంటికాలితోనే సింగన వాటికన్నా ముందు వంతెన మొదటికి చేరాడు. మొదటి కుక్కను పుర్రె మీద నరికి అగాధంలోకి తన్నాడు. రెండోది అతని పిక్క పట్టుకున్నది. దాన్ని ఈడ్చుకుంటూనే మూడోదాని వెన్ను విరగ్గొట్టాడు. నెత్తురు కాలి వెంట కారుతున్నది. ఒక కన్ను వంతెన మీదనే పెట్టి ఉంచాడు. ఆవిరిలో చిన్న వెలుగు ఊగుతూ ఊగుతూ పోయి, ఆవలి ఒడ్డు ఎక్కింది.

"వచ్చెయ్యిరా," అని ముసలి గొంతు వినిపించింది.

సింగన వంతెన వైపు తిరిగి కత్తి ఎత్తాడు. ఒక్కొక్క తీగా మనిషి తొడంత లావు. కొన్ని ఒక వేటుకే తెగాయి, కొన్ని తెగక నారలు నారలుగా సాగాయి. వీపు మీద కుక్కలు కరుస్తున్నా అతడు నరకడం ఆపలేదు. ఆఖరి తీగ తనకు తానే పుటుక్కుమన్నది. తరతరాల వంతెన పెద్ద పాములా మెలికలు తిరుగుతూ, మీదికెక్కిన కుక్కలతో సహా పచ్చని ఆవిరిలోకి జారిపోయింది. ఆవలి ఒడ్డు నుంచి బొల్లన ఏదో అరుస్తున్నాడు. మాటలు అందలేదు.

కంకాళనాథుడు అక్కడికి వచ్చి తెగిన తీగల వైపు చూశాడు. దీపం అతనికి ఇక అందదు. అతని నవ్వు పోయింది.

"పిచ్చివాడా, ఏం చేశావో తెలుసా? ఈ కొండ మీంచి దిగడానికి నీకు మరో దారి లేదు. పారిపోగలిగి ఉండి కూడా ఉండిపోయావు. ఎందుకు?"

సింగన రాతి మనుషుల మధ్యగా నడిచి వెళ్ళి హేమలేఖకు ముందు, ఆమెకు వీపు ఆనించి నిలబడ్డాడు. రాయి ఇంకా పూర్తిగా చల్లబడలేదు. మిగిలిన కుక్కలు చుట్టూ వలయం కట్టి, వలయాన్ని బిగిస్తున్నాయి. గుహలోంచి కళ్ళులేని కొండచిలువ కూడా నెత్తురోడుతూ తల బయటపెట్టింది.

"విడిపించగలిగేది ఈ చెయ్యే అన్నావు," అన్నాడు సింగన, కత్తి ఎడమ చేతి నుంచి కుడి చేతిలోకి మార్చుకుంటూ. "ఆ చేతి కోసమే ఉండిపోయాను."

మాంత్రికుడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ క్షణంలోనే కుక్కలన్నీ ఒక్కసారిగా లేచాయి.